చిన్న కారుతో ట్రాక్ డేకి వెళ్తున్నారా? ముందు బ్రేకుల సంగతి చూడండి

తిరుమల నుంచి ఘాట్ రోడ్డులో కిందికి దిగేటప్పుడు, చివరి మలుపులకు వచ్చేసరికి ముందు కారు నుంచి ఒక ఘాటైన కాలిన వాసన వస్తుంటుంది. గేరు తగ్గించకుండా భారమంతా బ్రేకు మీదే వేసి దింపిన కారు అది. మెల్లగా దిగే కారుకే అలా ఉంటే, 140లో వెళ్తూ మలుపు మలుపుకీ గట్టిగా తొక్కే కారు సంగతి ఏమిటి? ఈ ప్రశ్న నాకు మొదటి ట్రాక్ డేకి, అంటే సొంత కారుని రేస్ ట్రాక్ మీద నడపనిచ్చే రోజుకి, ముందు రావాల్సింది. తర్వాత వచ్చింది.

శ్రీపెరుంబుదూర్ పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాసు ట్రాక్ నెల్లూరు, తిరుపతి వాళ్లకు దగ్గరే. తెల్లవారుజామున బయల్దేరితే టిఫిన్ టైముకి చేరొచ్చు. 1990లో మొదలైంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. నేను నా పాత పెట్రోల్ స్విఫ్ట్‌తో వెళ్లాను. ముందు రోజే ఒక గ్యారేజీలో చూపిస్తే "బ్రేకులు పక్కాగా ఉన్నాయి సార్" అన్నారు. నాలుగో ల్యాపులో స్ట్రెయిట్ (మలుపుల్లేని తిన్నటి భాగం) చివర కాలు పెడితే పెడల్ నేరుగా ఫ్లోర్ మ్యాట్ దాకా పోయింది. గేర్లు దించుకుంటూ పక్కన మట్టిలోకి పోయి ఆగాను. కారుకు ఏమీ కాలేదు. అరగంట చల్లారాక పెడల్ మళ్లీ వచ్చింది, కాకపోతే స్పాంజి మీద కాలు పెట్టినట్టు ఉంది.

పక్క కారు ఆయన వచ్చి బానెట్ ఎత్తించి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూశాడు. "ఇదేంటి తమ్ముడూ, డికాషన్‌లా ఉంది. ఎప్పుడు మార్చావ్?" కొన్నప్పటి నుంచి మార్చలేదు. పెద్ద డిస్కులు, వాటి మీద బ్రేక్ ప్యాడ్లని నొక్కే ఎర్ర క్యాలిపర్లు వేయించాలని అప్పటికే మనసులో లెక్కలు వేసుకుంటున్నాను. ఆ రోజు నాకు కావాల్సింది మాత్రం ఒక లీటరు ఆయిల్.

అందుకే ఈ పనిలో వరుస ముఖ్యం. ముందు ఆయిల్, తర్వాత ప్యాడ్లు, తర్వాత డిస్కులకు తగిలే గాలి. అవన్నీ అయ్యాక కూడా చాలకపోతేనే పెద్ద డిస్కులు. చాలామంది తలకిందులుగా మొదలుపెడతారు. డిస్కులు అల్లాయ్ సందుల్లోంచి నలుగురికీ కనిపిస్తాయి, ఆయిల్ కనిపించదు, అంతే కారణం.

ముందు వేడి లెక్క

డ్రైవర్‌తో కలిపి సుమారు 1000 కిలోలున్న కారుని 140 నుంచి 60కి దించితే దాదాపు 600 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. ఇంటి లెక్కలో చెప్పాలంటే రెండు లీటర్ల నీళ్లు మరిగించే వేడి. గ్యాస్ స్టవ్‌కి దానికి పది నిమిషాలు పడుతుంది. మీ బ్రేకులు మూడు సెకన్లలో పుట్టిస్తాయి. తొక్కగానే బరువంతా ముందుకి వాలుతుంది కాబట్టి అందులో మూడింట రెండు వంతుల పైనే ముందు చక్రాల మీద పడుతుంది. నాలుగైదు కిలోల ముందు డిస్క్ ఒక్క తొక్కుడుకి ఇంచుమించు వంద డిగ్రీలు ఎక్కుతుంది. తర్వాతి మలుపు వచ్చేలోపు ఎంత దిగుతుందన్నదే అసలు కథ.

వేగం 20 శాతం పెరిగితే వేడి 44 శాతం పెరుగుతుంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో కిలోమీటరు దాటిన స్ట్రెయిట్ ఉంది, అక్కడ ఒక్కో తొక్కుడూ పెద్దదే. కోయంబత్తూరు కారీ ట్రాక్‌లో వేగం అంత ఉండదు కానీ చుట్టు చిన్నది, చల్లారే టైమ్ దొరకదు. రెండూ బ్రేకుల్ని తినేస్తాయి, తినే పద్ధతి వేరు.

ఇంకొకటి గుర్తుంచుకోండి. చివరికి కారుని పట్టి ఆపేది టైరు. మొదటి ల్యాపులో గట్టిగా తొక్కితే ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుని జారకుండా చూసే ఏర్పాటు) కాలి కింద గడగడలాడుతుందా? అయితే మీ బ్రేకులకు బలం చాలినంత ఉంది. పెద్ద డిస్క్ వేసినా ఆగే దూరం తగ్గదు. మనకు కావాల్సింది ఆ బలం ఎనిమిదో ల్యాపులో కూడా అలాగే ఉండటం.

ఏది చేతులెత్తేసిందో కాలికే తెలుస్తుంది

డబ్బు ఖర్చు పెట్టే ముందు మీ కారులో ఏది ముందు పోతోందో కనిపెట్టండి. పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంటే ఆయిల్ మరిగినట్టు. ద్రవం నలగదు కాబట్టే మీ కాలి బలం క్యాలిపర్ దాకా చేరుతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, ఆవిరి నలుగుతుంది, మీరు తొక్కేది ఆ బుడగల్నే. పెడల్ రాయిలా గట్టిగా ఉండి, ఎంత తొక్కినా కారు ఆగకపోతే ప్యాడ్లు వాటి హద్దు దాటాయి. ఇది కాస్త నయం, చెప్పి వస్తుంది. ల్యాపు ల్యాపుకీ కొంచెం కొంచెం ఎక్కువ తొక్కాల్సి వస్తుంది, వాసన వస్తుంది. ఆయిల్ మరగడం అలా కాదు, ఒక మలుపులో ఉంటుంది, తర్వాతి మలుపులో ఉండదు.

పెడల్, స్టీరింగ్ వణుకుతుంటే డిస్క్ వంగిందని మెకానిక్కులు అంటారు. నిజంగా వంగడం తక్కువ. వేడి డిస్క్‌కి ప్యాడ్ పదార్థం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అంటుకోవడం వల్ల ఎక్కువసార్లు అలా అవుతుంది.

ఆయిల్ మార్చడం

మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది, అది బ్రేక్ ఆయిల్ రకం. ప్రమాణం ప్రకారం కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా, డాట్ 4 కనీసం 230 దాకా, డాట్ 5.1 కనీసం 260 దాకా మరగకూడదు. ఇవి సీలు తీసిన రోజు లెక్కలు. ఈ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది, మన కోస్తా ఊళ్లలో తేమకు కరువా? 3.7 శాతం నీళ్లు చేరాక అవే హద్దులు 140, 155, 180కి పడిపోతాయి. నా డికాషన్ ఎందుకు మరిగిందో ఇప్పుడు అర్థమైంది కదా.

ట్రాక్ కోసం చేసిన ఆయిల్స్ వేరే ఉంటాయి. మోతుల్ ఆర్‌బీఎఫ్ 600 మరిగేది 312 డిగ్రీల దగ్గర. చిన్న కారుకు అది చాలు. ఇవి మామూలు డాట్ 4 జాతివే కాబట్టి సీళ్లకు ఇబ్బంది లేదు, కాకపోతే తొందరగా మార్చుకోవాలి. డాట్ 5 అని రాసి ఉన్నది మాత్రం కొనకండి. అది సిలికాన్, 5.1తో పేరు తప్ప ఏ సంబంధమూ లేదు, మన కార్లలోని ఆయిల్‌తో కలవదు.

కావాల్సినవి తక్కువే. సీలు తీయని ఆయిల్ ఒక లీటరు, నిపుల్‌కి (ప్రతి చక్రం దగ్గరా బ్రేకులోని ఆయిల్ వదలడానికి ఉండే చిన్న బోల్టు) సరిపోయే రింగ్ స్పానర్, మెడికల్ షాపులో దొరికే సెలైన్ పైపు, ఒక వాటర్ బాటిల్, పెద్ద సిరంజి, లోపల కూర్చోవడానికి ఒక మనిషి. కారుని జాకీ మీద వదిలేసి చక్రం దగ్గర తల పెట్టకండి. జాక్ స్టాండ్లు వేయండి, విప్పిన చక్రాన్ని కారు కింద పడుకోబెట్టండి. జాకీ జారినా కారు దాని మీద కూర్చుంటుంది.

సిరంజితో డబ్బాలోని పాత ఆయిల్‌ని అడుగున కొంచెం ఉంచి లాగేసి, కొత్తది నింపండి. మన కుడిచేతి స్టీరింగ్ కార్లలో మాస్టర్ సిలిండర్‌కి, అంటే పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకు తోసే భాగానికి, అన్నిటికంటే దూరం వెనక ఎడమ చక్రం. మామూలుగా అక్కడ మొదలుపెట్టి వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి అని వస్తారు. మీ సర్వీస్ మాన్యువల్‌లో వేరే వరుస ఉంటే అదే పాటించండి. నిపుల్‌కి ముందు స్పానర్ తొడిగి తర్వాత పైపు తగిలించండి, ఈ క్రమం మర్చిపోయి మళ్లీ పీకని వాళ్లు లేరు. పైపు రెండో కొస బాటిల్లో కొంచెం ఆయిల్లో మునిగి ఉండాలి.

ఇక మాటల ఆట. మా తమ్ముడు లోపల, నేను చక్రం దగ్గర.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో, వదలకు." నిపుల్ పావు చుట్టు వదులు చేస్తాను. పైపులో ముందు టీ రంగు, దాని వెనక సన్నటి బుడగలు. "దిగుతోంది అన్నా." "చివరిదాకా పోనీ, పట్టుకునే ఉండు." నిపుల్ బిగించాక మాత్రమే "వదులు" అంటాను. బిగించకముందే వాడు కాలు తీస్తే బయటి గాలి లోపలికి లాగేస్తుంది, మళ్లీ మొదటికొస్తాం.

పైపులో కొత్త ఆయిల్ రంగు వచ్చి, బుడగ ఒక్కటీ కనిపించనంత వరకూ ఇదే పని. నాలుగైదు తొక్కులకోసారి డబ్బా చూసి నింపుతూ ఉండండి. అది ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్ లోపలికి పోతుంది, అప్పుడు కొన్ని కార్లకు స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గరికి పోక తప్పదు. పాత కారైతే పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెట్టండి. రోజూ వెళ్లని లోతుకి వెళ్తే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అక్కడి తుప్పు గీసుకుని చిరుగుతుంది. నిపుల్స్‌ని చేయి బలమంతా పెట్టి బిగించకండి, విరిగితే క్యాలిపర్ మొత్తం విప్పాలి. పెయింట్ మీద చుక్క పడితే వెంటనే నీళ్లు పోయండి, లేకపోతే తెల్లారేసరికి పెయింట్ ఊడి ఉంటుంది.

ఈ ఒక్క పనికే మీ ట్రాక్ డే సగం గట్టెక్కుతుంది.

ప్యాడ్లు

కంపెనీ ప్యాడ్లు ఉదయం పూట చల్లటి డిస్క్ మీద, వానలో, మొదటి తొక్కుకే పట్టేలా చేసినవి. ట్రాక్ వేడికి వాటిలోని జిగురు కాలి గ్యాస్ వదులుతుంది. అచ్చమైన రేస్ ప్యాడ్లు దానికి పూర్తిగా తిరగేసి ఉంటాయి, వేడెక్కితేనే పట్టు. మీరు అదే కారులో నెల్లూరు నుంచి హైవే మీద వెళ్లాలి కదా. గేదె అడ్డొచ్చినప్పుడు "ఆగు, ప్యాడ్లు వేడెక్కనీ" అనలేం. అందుకే మొదటి రెండు మూడేళ్లకు రోడ్డుకీ ట్రాక్‌కీ మధ్యస్థంగా ఉండే రకం తీసుకోండి. ఈబీసీ ఎల్లోస్టఫ్, ఫెరోడో డీఎస్2500 ఆ కోవలోవి. మీ క్యాలిపర్ ఆకారానికి దొరుకుతుందో లేదో పాత ప్యాడ్ చేతిలో పెట్టుకుని సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి. కీచుమని అరుస్తాయి, అల్లాయ్ నిండా నల్ల పొడి రాలుస్తాయి. ఇంట్లో వాళ్లు అడుగుతారు, సమాధానం రెడీగా ఉంచుకోండి.

మార్చేటప్పుడు చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే వదులు చేయండి. చాలా చిన్న కార్లలో క్యాలిపర్ కింది పిన్ బోల్టు విప్పితే అది పైకి తిరుగుతుంది. పూర్తిగా తీయాల్సి వస్తే బ్రేక్ పైపుకు వేలాడదీయకండి, స్ప్రింగుకి తీగతో కట్టండి. పాత ప్యాడ్‌ని క్యాలిపర్ లోపల ప్యాడ్‌ని తోసే పిస్టన్ మీద ఆనించి సి-క్లాంప్‌తో మెల్లగా లోపలికి తోయండి. అప్పుడు డబ్బాలో ఆయిల్ మట్టం పెరుగుతుంది, పొర్లకుండా చూసుకోండి. క్యాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు బయటికి తీసి తుడిచి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు సన్నగా రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను బిగుసుకుపోతుంది. ఒక పక్క ప్యాడ్ సగం ఉండి, రెండోది రేకు దాకా అరిగిపోయిందంటే ఎక్కువసార్లు తప్పు ఈ పిన్నుదే. బోల్టులన్నీ మాన్యువల్‌లో రాసిన టార్క్‌కే (బిగింపు బలం), టార్క్ రెంచ్‌తో.

అంతా బిగించాక, ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కండి. పిస్టన్లు వెనక్కి తోశాం కాబట్టి మొదటి రెండు మూడు తొక్కులకు బ్రేకు ఉండదు. ఇది మర్చిపోయి షెడ్డులోంచి రివర్స్ తీసి ఎదురింటి గేటుని గుద్దిన మనిషి నాకు బాగా తెలుసు, అద్దంలో రోజూ కనిపిస్తాడు.

కొత్త ప్యాడ్లని డిస్కులకు అలవాటు చేయాలి. రద్దీ రోడ్డు మీద, రింగ్ రోడ్డు మీద ఈ ప్రయోగం వద్దు, ట్రాక్‌లో మొదటి సెషన్ దీనికే వాడండి. ప్యాడ్ల కంపెనీ సూచనలు ఇస్తే వాటినే పాటించండి. లేకపోతే వెనక ఎవరూ లేకుండా చూసుకుని 100 నుంచి 30కి ఓ మోస్తరు గట్టిగా, పూర్తిగా ఆగకుండా ఎనిమిది పదిసార్లు దించండి. ఘాటైన వాసన వస్తుంది, కంగారు పడకండి. తర్వాత ఒకటి రెండు ల్యాపులు బ్రేకు ముట్టకుండా తిరిగి లోపలికి రండి. డిస్క్ మీద చుట్టూ ఒకే రకమైన నీలి బూడిద పొర కనిపిస్తే పని కుదిరినట్టు.

గాలి, డిస్కులు, మిగతావి

ముందు డిస్కు వెనక ఒక పల్చటి రేకు ఉంటుంది, దుమ్ము పడకుండా. ట్రాక్ కార్లలో దాన్ని కోసి, ముందు బంపర్‌లో ఫాగ్ ల్యాంప్ చోటు నుంచి రెండున్నర అంగుళాల గొట్టం వేసి గాలిని డిస్కు మధ్యభాగానికి పంపుతారు. మధ్యకే ఎందుకంటే, లోపల సందులున్న డిస్క్ చిన్న ఫ్యానులా మధ్యలోంచి గాలి లాగి అంచు నుంచి బయటికి తోస్తుంది. గాలిని బయటి ముఖం మీద కొడితే ఒక పక్కే చల్లబడుతుంది. స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి గొట్టం టైరుకి తగలట్లేదని చూసుకోండి. మనం చేయగల పనుల్లో ఇది అన్నిటికంటే చవక, అందరూ దాటేసేదీ ఇదే.

డిస్కుల మీద కనీస మందం మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. ఆ అంకెకు దగ్గరపడిన డిస్కుతో ట్రాక్‌కి వెళ్లకండి, ఇనుము తగ్గితే వేడి దాచుకునే చోటు తగ్గినట్టే. కొత్తవి వేస్తే సాదా డిస్కులే మేలు. రంధ్రాలున్నవి ఫొటోల్లో బావుంటాయి, వేడికి ఆ రంధ్రాల దగ్గరే పగుళ్లు మొదలవుతాయి. పైపైన వెంట్రుక గీతలుంటే ఫర్వాలేదు, పగులు అంచు దాకా వచ్చిందంటే అది ఇక తుక్కు ఇనుమే.

రబ్బరు బ్రేక్ పైపుల బదులు స్టీలు జాలీ చుట్టిన పైపులు వేస్తే పెడల్ కాస్త గట్టిగా అనిపిస్తుంది. ఆగే దూరం తగ్గుతుందనుకోకండి. వేస్తే రాగి వాషర్లు కొత్తవి వేయండి, పాతవి కారతాయి. వెనక డ్రమ్ములని అలాగే వదిలేయొచ్చు. విప్పి దుమ్ము దులిపి, వీల్ సిలిండర్ దగ్గర తడి ఉందేమో చూసి, షూలు (డ్రమ్ములో ప్యాడ్ల పని చేసేవి) అరిగితే మార్చి, సరిగ్గా అడ్జస్ట్ చేయిస్తే చాలు. వెనక డిస్కులు పెట్టించడానికి అయ్యే ఖర్చుతో మంచి టైర్లు వస్తాయి.

ఇవన్నీ చేశాక కూడా ఒక సెషన్ పూర్తికాకుండానే ప్యాడ్లు కాలిపోతుంటే, అప్పుడు పెద్ద డిస్కుల మాట ఆలోచించండి. అవి ఎక్కువ వేడిని మోస్తాయి. దానితో పాటు కొత్త చిక్కులూ వస్తాయి. 14 అంగుళాల చక్రంలో పట్టవు. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే అదే మాస్టర్ సిలిండర్‌తో పెడల్ లోతుకి దిగుతుంది. పట్టు ముందుకి ఇంకా ఎక్కువ మారి వెనక చక్రాలు ఊరికే తిరుగుతాయి. అందుకే అదే కంపెనీ పెద్ద మోడల్ నుంచి డిస్కు, క్యాలిపర్, బ్రాకెట్ జతగా, బోల్టులు నేరుగా కూర్చునేలా తెచ్చుకోండి. లేత్ మీద బ్రాకెట్ చేయించి వెల్డింగ్ పెట్టించే పని బ్రేకుల దగ్గర వద్దు.

ట్రాక్ రోజున

పాత ప్యాడ్ల జత, అర లీటరు ఆయిల్, స్పానర్, సెలైన్ పైపు డిక్కీలో ఉండాలి. మందం సగానికి వచ్చిన ప్యాడ్లతో మొదలుపెట్టకండి. ప్యాడ్ పల్చబడేకొద్దీ వేడి పిస్టన్‌కీ ఆయిల్‌కీ త్వరగా చేరుతుంది. బండి ఇన్సూరెన్స్ కాగితం కూడా ఒకసారి చదవండి. మామూలు ప్రైవేటు కారు పాలసీల్లో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్ వాడకానికి కవరేజీ ఉండదని రాసి ఉంటుంది.

భయపడి దూరం నుంచే మెల్లగా తొక్కుతూ వస్తే బ్రేకులకు ఉపకారం చేస్తున్నాననుకుంటాం. కానీ ప్యాడ్ డిస్కుని ఎంతసేపు అంటిపెట్టుకుని ఉంటే వేడి అంత లోపలికి దిగి, చల్లారే టైమ్ అంత తగ్గుతుంది. తిన్నగా ఉండగానే గట్టిగా, తక్కువసేపు తొక్కి వదిలేయండి. మొదట్లో నాలుగైదు ల్యాపులు వేగంగా, తర్వాత ఒకటి మెల్లగా. పెడల్ ఒక్క అంగుళం లోతుకి దిగినట్టు అనిపించినా ఆ ల్యాపు అక్కడితో ఆపి లోపలికి వచ్చేయండి.

లోపలికొచ్చాక హ్యాండ్ బ్రేక్ లాగకండి, బ్రేకు మీద కాలు పెట్టుకుని నిలబడకండి. గేరులో వదిలి, చక్రం కింద ఇటుక పెట్టండి. బాగా చల్లారాక వీల్ నట్లకు టార్క్ రెంచ్ మళ్లీ పెట్టి చూడండి. సాయంత్రం హైవే ఎక్కే ముందు నాలుగు చక్రాల దగ్గరా వంగి తడి ఉందేమో చూడండి, పెడల్ ఒకసారి గట్టిగా తొక్కి పది సెకన్లు పట్టుకోండి. అది మెల్లగా దిగుతోందంటే కారుని అక్కడే వదిలి బస్సెక్కండి, మర్నాడు మెకానిక్‌ని తీసుకుని రావచ్చు.